ఫ్యూజు పోకుండానే రిలే సాకెట్ ఎందుకు కరిగింది: మా కస్టమర్లకు ఒక మాట

నమస్కారం.

ఉగాది తర్వాత నుంచి వినాయక చవితి దాకా మా దగ్గర హెడ్‌లైట్లకో, హారన్లకో, ఫాగ్ ల్యాంపులకో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) పెట్టించుకున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఆ నెలల్లో మేం వాడిన రిలే సాకెట్లు మంచివి కావు. రిలేలో తేడా లేదు, వైరులో లేదు, ఫ్యూజులోనూ లేదు. రిలే కాళ్లు దిగే నల్ల ప్లాస్టిక్ సాకెట్‌లోనే ఉంది. దాని లోపలి ఇత్తడి రేకు పల్చన, రిలే కాలిని బిగువుగా పట్టుకోదు. నాలుగు నెలలు తిరిగేసరికి అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ మెత్తబడుతోంది. రిపేరుకి వచ్చిన బళ్లలో 30 (బ్యాటరీ ప్లస్ వచ్చేది), 87 (లైటుకో హారనుకో ప్లస్ పోయేది) నంబర్ల కాళ్ల చుట్టూ నలుపు పోయి గోధుమ రంగు తిరిగింది. ఒకదానిలో రిలే సాకెట్‌కి అతుక్కుపోయి ఊడిరాలేదు.

సరుకు దిగిన రోజునే ఒక్కో సాకెట్‌లో రిలే గుచ్చి లాగి చూసి ఉంటే తెలిసిపోయేది. చూడలేదు. తప్పు మాది. కాబట్టి ఆ సాకెట్లన్నీ మార్చి ఇస్తున్నాం. సామానుకీ కూలీకీ ఒక్క రూపాయి తీసుకోం. బిల్లు పారేసినా ఫర్వాలేదు, మా పుస్తకంలో బండి నంబరు ఉంటుంది. అందులో ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేస్తున్నాం, కానీ కొన్ని నంబర్లు పలకడం లేదు. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాం.

ఫోన్ చేసినప్పుడు అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: ‘ఫ్యూజు వేశారు కదండీ, మరి అది పోవాలి కదా?’

పోదు. ఇది అందరికీ అర్థం కావాలని కొంచెం విడమరిచి చెబుతాం. ఫ్యూజుకి తెలిసింది ఒక్కటే, తనలోంచి ఎన్ని ఆంప్స్ పోతున్నాయన్నది. 60 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండు వెలిగితే దాదాపు 10 ఆంప్స్. సాకెట్‌లో పట్టు వదులైతే ఆ కరెంటు పెరగదు, పైగా కాస్త తగ్గుతుంది. 15 ఆంప్స్ ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. కానీ ఆ వదులు జాయింటు దగ్గర 0.1 ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి. 10 ఆంప్స్ దాన్ని దాటి వెళ్లాలంటే అక్కడే 1 ఓల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. దానిలో సగానికి కొంచెం తక్కువ వేడి గోరంత చోట, గాలాడని ప్లాస్టిక్ లోపల, బండి నడిచినంతసేపూ ఉంటుందన్నమాట. వేడికి ఇత్తడి స్ప్రింగు గుణం చచ్చిపోతుంది, పట్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరదు. వైరు షార్ట్ అయినప్పుడు నిప్పు రాకుండా కాపాడటమే దాని పని. చెడ్డ జాయింటుని అది పట్టుకోలేదు.

మన విశాఖలో ఇది తొందరగా ముదురుతుంది. బీచ్ రోడ్డు, పెదజాలారిపేట, రుషికొండ, భీమిలి వైపు రాత్రంతా బయట ఉండే బళ్లకు పొద్దున్నే అద్దం మీద ఉప్పు పొర జిగటగా తగులుతుంది. ఆ గాలే బానెట్ కిందికీ వెళ్తుంది. రేకు బిగువుగా ఉంటే లోహానికి లోహం ఒత్తుకుని ఉన్న చోటికి తేమ చేరదు. వదులుగా ఉంటే సందులోకి దిగి పచ్చటి చిలుము కడుతుంది. ఆ చిలుములోంచి కరెంటు సరిగా పోదు. సముద్రానికి దగ్గర ఉండేవాళ్లు, రాత్రి ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లు ముందుగా రండి.

వచ్చేలోగా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజను నడుస్తుండగా బ్రైట్ లైట్లు పది నిమిషాలు వేసి ఉంచండి. తర్వాత లైట్లు, ఇంజను ఆపి, రిలే సాకెట్‌ని వేళ్ల వెనక వైపుతో తాకండి. గోరువెచ్చగా ఉండటం మామూలే, రిలేని లేపే లోపలి తీగచుట్ట, అంటే కాయిలే, రెండు వాట్ల దాకా తీసుకుంటుంది. చెయ్యి ఆనించలేనంత వేడి ఉన్నా, మాడు వాసన వచ్చినా ఆ రిలే పీకేసి పక్కన పెట్టండి, బండి పగలే తీసుకురండి. హెడ్‌లైట్ రిలే కిట్ వేసినప్పుడు పాత హెడ్‌లైట్ కనెక్టరుని మేం కొయ్యం, ముడిచి అక్కడే కడతాం. అత్యవసరమైతే అది నేరుగా బల్బుకి గుచ్చుకోవచ్చు. వెలుతురు తక్కువ వస్తుంది, కానీ ఇల్లు చేరతారు.

మల్టీమీటర్ ఉన్నవాళ్లకు ఇంకా కచ్చితమైన దారి ఉంది. డీసీ 20 ఓల్టుల మీద పెట్టి, లైట్లు వెలుగుతుండగా ఒక ముల్లు 30కి వెళ్లే వైరు చివర, రెండోది 87 వైరు చివర ఆనించండి. 0.1 లోపు వస్తే భేషు. 0.3 దాటితే రిలే కాంటాక్టులు గానీ సాకెట్ గానీ పాడైనట్టే. అలాగే బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్ పిన్ను దాకా మొత్తం 0.5 ఓల్టు దాటకూడదు. బ్యాటరీ మైనస్ నుంచి బల్బు ఎర్త్ పిన్ను దాకా 0.2 దాటకూడదు. ఈ రెండోదాన్ని చాలామంది చూడరు. సగం బళ్లలో లైటు మసకకి కారణం అక్కడే ఉంటుంది: పెయింట్ గీకకుండా బిగించిన ఎర్త్ బోల్టు.

అసలు పాత బండికి రిలే ఎందుకంటే, ఫ్యాక్టరీ వైరింగులో హెడ్‌లైట్ కరెంటంతా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు దాకా వచ్చి, లైట్ స్విచ్చి, డిప్పరు స్విచ్చి దాటి, మళ్లీ ముందుకి పోతుంది. ఆరు మీటర్ల సన్న వైరు, అరడజను జాయింట్లు. 1 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు ఆరు మీటర్లకు దాదాపు 0.1 ఓమ్, 10 ఆంప్స్ మీద 1 ఓల్టు. అరిగిన స్విచ్చి పాయింట్లు ఇంకో అర ఓల్టు తింటాయి. హాలోజెన్ బల్బుకి ఓల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు 30 శాతం దాకా పడిపోతుంది. రిలే పెడితే ఆ పాత వైరు కాయిల్‌ని లేపడానికే పనికొస్తుంది, దానిలో 0.15 ఆంప్ దాటదు. స్విచ్చి కూడా ఎక్కువ కాలం బతుకుతుంది.

ఇక మీదట మేం వేసే పద్ధతి ఇది. సాకెట్ పెట్టెలో ఖాళీగా వస్తుంది, కళాయి పూసిన ఇత్తడి టెర్మినల్స్ మేమే వైరుకి క్రింప్ చేసి (పటకారుతో నొక్కి బిగించి) టక్కుమనేలా లోపలికి నొక్కుతాం. ప్రతి టెర్మినల్‌ని క్రింప్ చేశాక చేత్తో గట్టిగా లాగి చూస్తాం. రెండు పట్లు ఉంటాయి: ఒకటి రాగి మీద, ఒకటి వైరు తొడుగు మీద. రెండోది లేకపోతే ఇంజను అదురుకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. సోల్డర్ ఎందుకు చెయ్యరని కొందరు అడుగుతారు. సీసం పోగుల్లోకి పాకి వైరుని పుల్లలా బిగుసుకునేలా చేస్తుంది, అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. అందుకే క్రింపు, దాని మీద జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకుని పట్టుకునే గొట్టం). నల్ల టేపు వాడం, మన ఎండకి జిగురు కారి రెండు వేసవులకే ఊడిపోతుంది.

సాకెట్ నోరు ఎప్పుడూ కిందికే ఉంటుంది, రేడియేటర్‌కి దూరంగా. వైరు సాకెట్ చేరే ముందు కిందికి వంపు తిరిగి పైకి రావాలి, అప్పుడే వాన నీరు ఆ వంపు దగ్గర జారిపోతుంది. రిలే కాళ్లకు పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తాం. బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ వైరుకి ఫ్యూజు జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్యూజుని రిలే పక్కన పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా మీటరు వైరు విడిచేస్తే, ఆ మీటరుకి కాపలా ఎవరూ లేనట్టే. అది బాడీ అంచుకి ఒరుసుకుంటే ఆపేది ఏదీ ఉండదు.

కొలతలు. హెడ్‌లైట్లకు డిప్పుకి ఒక రిలే, బ్రైట్‌కి ఒక రిలే, రెండింటికీ వేర్వేరు 15 ఆంప్స్ ఫ్యూజులు (నీలం రంగువి), 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు. రెండింటికీ కలిపి ఒకే ఫ్యూజు వేస్తే, అది పోయిన క్షణంలో అనంతగిరి ఘాట్ మలుపులో పూర్తి చీకటి. 55 వాట్ల ఫాగ్ ల్యాంపుల జతకు కూడా 15 ఆంప్స్, 2.5 వైరే. రెండు హారన్లకు 15. రిలే కాయిల్ వైరుకి 0.75 చాలు. రేడియేటర్ ఫ్యాను మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి దానికి 40 ఆంప్స్ రిలే, 30 ఆంప్స్ ఆకుపచ్చ ఫ్యూజు, 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు. ఎప్పుడైనా ముందు లోడు చూసి వైరు ఎంచుకోవాలి, ఆ వైరు తట్టుకునే దానికి మించకుండా ఫ్యూజు వెయ్యాలి. ఎక్కువసేపు నడిచే లోడు ఫ్యూజు మీద రాసినదానిలో 80 శాతం దాటకూడదు. ఫ్యూజు పోతోందని దాని నంబరు పెంచితే, తర్వాత పోయేది వైరు.

అంబాసిడర్ లాంటి పాత బ్రిటిష్ పద్ధతి బళ్ల యజమానులకు ప్రత్యేకంగా చెప్పాలి. వాటి గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది ఫ్యూజు కాలిపోయే అంకె. నిలకడగా మోసేది 17 ఆంప్సే. ఇప్పుడు బజారులో దొరికే వేరే రకం 35 ఆంప్స్ గాజు ఫ్యూజు 35ని నిలకడగా మోస్తుంది. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. దాన్ని అక్కడ పెడితే వైరుకి రక్షణ సగం పోయినట్టే. ఇలాంటి బళ్లలో హెడ్‌లైట్ వైరుకి చాలాసార్లు ఫ్యూజే ఉండదు కాబట్టి రిలే కాయిల్‌కి వెళ్లే సన్న వైరు మొదట్లోనే 3 ఆంప్స్ ఫ్యూజు కలుపుతాం. డైనమో ఉన్న బండికి లెక్క ఇంకా బిగువు. దాదాపు 22 ఆంప్స్ ఇచ్చే డైనమో మీద హెడ్‌లైట్లు 10, ఫాగ్ ల్యాంపులు 9, ఇగ్నిషన్ 3 లేదా 4, వైపరు ఇంకో 2 లేదా 3. అన్నీ ఒకేసారి వేస్తే బ్యాటరీ దిగిపోతుంది, రిలే ఆపలేదు. అలాంటి బండికి ఫాగ్ ల్యాంపులు వద్దనే చెబుతాం.

జపాన్ మూలం ఉన్న కొన్ని బళ్లలో హెడ్‌లైట్ స్విచ్చి ప్లస్ వైపు కాకుండా మైనస్ వైపు ఉంటుంది. వాటికి బజారులో దొరికే రెడీమేడ్ కిట్ గుచ్చితే రిలే లేవదు, లేదా డాష్‌బోర్డులో బ్రైట్ గుర్తు ఎప్పుడూ మసగ్గా వెలుగుతుంది. టెస్ట్ ల్యాంపు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి పెట్టి, లైట్లు వేసి డిప్పరు అటూ ఇటూ మార్చి చూడండి. డిప్పు, బ్రైట్ రెండింట్లోనూ కనెక్టరులో ఒకే పిన్ను దగ్గర ప్లస్ మారకుండా ఉంటే అది ఆ పద్ధతే. కాయిల్ వైర్లు తిప్పి వెయ్యాలి. చాలావరకు హారన్ బటన్ కూడా ఇలాగే మైనస్‌నే కలుపుతుంది. అప్పుడు రిలే కాయిల్ కాళ్లు రెండింటిలో 86కి ఇగ్నిషన్ ప్లస్, 85కి బటన్ వైరు.

సొంతంగా వేసుకునేవాళ్లు ఐదు కాళ్ల రిలే విషయంలో జాగ్రత్త. మధ్య కాలు 87ఎ అయితే, రిలే పడుకుని ఉన్నప్పుడే అక్కడ ప్లస్ ఉంటుంది. దానికి గుచ్చిన వైరు వదిలేస్తే బాడీకి తగిలి షార్ట్. కొన్ని రిలేల్లో మధ్య కాలు కూడా 87నే. రెండూ బయటికి ఒకలాగే కనిపిస్తాయి, డబ్బా మీద గీసిన బొమ్మ చూసే వెయ్యండి. వైరు కొనేటప్పుడు ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. అది మా షాపులోకి రానివ్వం.

ప్రతిదానికీ రిలే అక్కర్లేదు. మొబైల్ చార్జరు, డాష్ కెమెరా, క్యాబిన్ ఎల్‌ఈడీ లైటు లాంటివాటికి ఇగ్నిషన్‌తో వచ్చే ప్లస్ నుంచి 3 లేదా 5 ఆంప్స్ ఫ్యూజు చాలు. వాటికి రిలే అడిగితే మేమే వద్దంటాం. 100 వాట్ల హెడ్‌లైట్ బల్బులు, పలు స్వరాల హారన్లు కూడా వెయ్యం. ఆ బల్బుల వేడికి పాత హోల్డరు, రిఫ్లెక్టరు రెండూ పోతాయి. ఆ హారన్లను మోటారు వాహనాల నియమాలు నిషేధించాయి.

కొత్త టెర్మినల్స్, వాటికి పట్టే టైము వల్ల హెడ్‌లైట్ రిలే కిట్ ధర 2,200 నుంచి 2,900 రూపాయలకు పెంచుతున్నాం. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత ధరే. ఇంత పెట్టలేనివాళ్లు ముందు ఎర్త్‌లు శుభ్రం చేయించుకుని, కనెక్టర్లు మార్పించుకోండి. 400 రూపాయల్లో అయిపోతుంది. కొన్ని బళ్లకు దానితోనే వెలుతురు తిరిగి వస్తుంది. అలా వస్తే కిట్ కొనొద్దు.

సాకెట్ మార్పుకి ముప్పావుగంట పడుతుంది. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పదకొండు మధ్య వస్తే ఇంజను చల్లగా ఉంటుంది, వెంటనే మొదలుపెడతాం. కార్తీక మాసంలో వనభోజనాలకు అరకు వెళ్లేవాళ్లు ప్రయాణానికి వారం ముందే రండి, చివరి శుక్రవారం దాకా ఆగకండి. అంబాసిడర్, పద్మిని యజమానులు ముందు రోజు ఫోన్ చెయ్యండి. వాటిలో ఇదివరకు ఎవరెవరో కలిపిన వైర్లు ఒక్కొక్కటే వెతికి గుర్తు పెట్టుకోవాలి, దానికి పూట పడుతుంది.