ఈ టర్మ్ నుంచి పిల్లల చేతికి బంకమట్టి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు క్రాఫ్ట్ పీరియడ్‌లో రంగుల క్లే తీసేసి బంకమట్టి ఇస్తున్నాం. యూనిఫామ్ పాడవుతోందని కొందరు టెన్షన్ పడుతున్నారు. బుధవారాల్లో బ్యాగులో ఒక పాత చొక్కా పెట్టి పంపండి, పైన తొడుక్కుంటారు.

రంగుల క్లే మీద నాకు కోపమేమీ లేదు. ఆ రకం క్లే అయిన ప్లాస్టిసిన్‌ను 1897లో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో విలియం హార్బట్ అనే ఆర్ట్ మాస్టారు తన శిల్పకళ విద్యార్థుల కోసమే తయారుచేశారు. అందులో నీటికి బదులు నూనె జాతి పదార్థాలుంటాయి. అందుకే ఆరదు, ఎన్నిసార్లయినా చెరిపి మళ్లీ చేసుకోవచ్చు. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకైతే మైదా, ఉప్పు, నీళ్లు కలిపిన ముద్ద చాలు.

మట్టి సంగతి వేరు. అది ఆరుతుంది, ఆరుతూ కుంచించుకుపోతుంది. పోయిన వారం మూడో తరగతి పిల్లలు ఏనుగులు చేశారు. మర్నాడు వచ్చి చూస్తే చాలావాటికి తొండాలు ఊడిపోయాయి. సన్నటి తొండం ముందే ఆరి ముడుచుకుంది, లావుపాటి తల ఇంకా తడిగానే ఉంది, అతుకు దగ్గర విడిపోయింది. ఒకరిద్దరికి ఏడుపు కూడా వచ్చింది. టీచర్ జిగురు ఇవ్వలేదు. కొత్త ముద్ద ఇచ్చి, అతికే చోట రెండు వైపులా పుల్లతో అడ్డంగా నిలువుగా గీతలు గీయించారు. మట్టిని నీళ్లలో జావలా కలిపి ఆ గీతల్లో పూసి, గట్టిగా నొక్కమన్నారు. పైన తడిగుడ్డ కప్పి, ఫ్యాన్ గాలి తగలకుండా నెమ్మదిగా ఆరనిచ్చారు. ఈసారి తొండాలు నిలిచాయి. ఎందుకు నిలిచాయో ఆ పిల్లల్నే అడగండి, చక్కగా చెబుతారు.

ఇంటికి తెచ్చిన బొమ్మ వంకరగా ఉన్నా మీరు సరిచేయకండి. మట్టి చేతులు సింకులో కడగనివ్వకండి, పైపు పూడిపోతుంది. బకెట్‌లో కడిగించి, ఆ నీళ్లు మొక్కలకు పోయండి.

చెన్నైలో పురసవాక్కం పక్కనే ఉన్న కొసపేటలో కుండలు, కొలువు బొమ్మలు, వినాయకుడి ప్రతిమలు చేసే కుటుంబాలున్నాయి. వీలుచూసుకుని చవితికి ముందే పిల్లల్ని తీసుకెళ్లండి. అక్కడ పని చేసేవాళ్ల చేతులు కాసేపు చూస్తే, మేం క్లాసులో చెప్పేదానికంటే ఎక్కువే తెలుస్తుంది.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. చేతి అచ్చు తీద్దామని పిల్లల చెయ్యి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో పెట్టించకండి. నీళ్లు కలిపాక అది గట్టిపడుతూ బాగా వేడెక్కుతుంది, చర్మం కాలిపోతుంది.

చవితికి పిల్లలు తాము చేసిన వినాయకుణ్ణి ఇంటికి తెస్తారు. కాల్చని మట్టి కాబట్టి బకెట్ నీళ్లలోనే కరిగిపోతుంది, ఆ మట్టిని కుండీలో వేసుకోవచ్చు. మేం కళ్లకు మిరియాలు పెట్టిస్తున్నాం. బజారులో కొనే ప్రతిమలకు గురివింద గింజలు ఉంటాయి. అవి నమిలి మింగితే ప్రాణానికే ప్రమాదం. నిమజ్జనానికి ముందే వాటిని తీసేసి, పసివాళ్లకు అందకుండా పారేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు