పగిలిన థర్మామీటర్ ఎక్కడ ఇవ్వాలి?

ఎడిటర్ గారికి నమస్కారం. మేము చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. పోయిన వారం మనవడికి జ్వరం చూస్తుంటే చెయ్యి జారి పాత గాజు థర్మామీటర్ పగిలింది, పాదరసం గుళ్లుగుళ్లుగా మంచం కిందికి దొర్లిపోయింది. మనవరాలు వాటిని అరచేతిలో వేసుకుని ఆడుతుంటే చిన్నప్పుడు స్కూల్లో మేమూ ఆడినవాళ్లమే కదా అని ఊరుకున్నా, పైగా చీపురుతో ఊడ్చేశా. కాసేపటికి పాదరసం తగిలి నా బంగారు ఉంగరం ఒకచోట తెల్లబడింది, అప్పుడు భయమేసింది.

పక్క ఫ్లాట్ అమ్మాయి ల్యాబ్‌లో పనిచేస్తుంది, పిలవగానే వచ్చి "ఆంటీ, ముందు పిల్లల్ని బయటికి పంపండి, కిటికీలు తియ్యండి" అంది. మింగితే ఈ పాదరసం పెద్దగా ఒంటికి పట్టదట, అసలు ప్రమాదం ఆవిరితోనట, రంగూ వాసనా ఉండవు కాబట్టి తెలియకుండానే పీల్చేస్తాం, పీల్చినదాంట్లో 80 శాతం దాకా ఒంట్లోనే ఉండిపోతుంది. ఎక్కువ రోజులు పీలిస్తే చేతులు వణకడం, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం, చిగుళ్ల వాపు, కిడ్నీలు దెబ్బతినడం, ఇక పసిపిల్లల మెదడుకి, కడుపులో బిడ్డకి మరీ చేటు. ఒక్క థర్మామీటర్‌తో ఇదంతా వచ్చేస్తుందని కాదు, కానీ పిల్లలు నేలమీద పాకే ఇంట్లో మంచం కింద అది నెలల తరబడి ఉండిపోతే ఎలా? చీపురుతో ఊడిస్తే ఇంకా చిన్న గుళ్లై ఆవిరి పెరుగుతుందట, వాక్యూమ్ క్లీనర్ అసలు వాడకూడదు. మేమిద్దరం టార్చి వేసి అట్టముక్కతో దగ్గరికి తోసి, డ్రాపర్‌తో, టేపుతో ఎత్తి, బిగువు మూత ఉన్న సీసాలో పెట్టాం.

మన తమిళనాడులోనే కొడైకెనాల్‌లో థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది, పాదరసం అంటిన గాజు పెంకులు పాతసామాన్ల కొట్లో బయటపడ్డాక. అక్కడ పనిచేసినవాళ్లకి పరిహారం తేలేసరికి 2016 వచ్చింది. ఆ 2016లోనే వచ్చిన చెత్త నిర్వహణ రూల్స్‌లో పగిలిన థర్మామీటర్లని, సీఎఫ్ఎల్ బల్బుల్ని ప్రమాదకరమైన ఇంటి చెత్త అని రాశారు, విడిగా తీసుకోవాలన్నారు. మా వీధి చెత్త బండి అబ్బాయిని అడిగితే పాపం అతనికీ తెలీదు, "ఇందులోనే వేసెయ్యండమ్మా" అన్నాడు. రేపు ఆ సీసా పగిలితే ఆవిరి పీల్చేది ఒట్టి చేతులతో చెత్త ఏరే అతనే కదా, నాకు చేతులు రాలేదు.

థర్మామీటర్ పగిలితే ఏం చెయ్యాలో, ఎక్కడ ఇవ్వాలో మీ పేపర్లో ఒక చిన్న బాక్స్ కట్టి వెయ్యండి. మా సీసా ఇంకా బాల్కనీలో, పిల్లలకి అందకుండా పై అరలో ఉంది.

ఇట్లు,
ఒక అమ్మమ్మ, పెరంబూర్, చెన్నై