మీరు రద్దు చేస్తే సారీ, నేను రద్దు చేస్తే 10 శాతమా?

విజయనగరం

గౌరవనీయులైన ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: చెప్పిన తేదీకి రాని ఓవర్‌లాక్ (బట్టల అంచులు కుట్టే) మిషను ఆర్డరు రద్దు, పూర్తి డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నేను విజయనగరం మూడు లాంతర్ల దగ్గర చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊరి ఆడపడుచులంతా పుట్టింటికి వస్తారు. ఆ ముందు రోజుల్లో బ్లౌజులూ పిల్లల గౌన్లూ కుట్టడానికి రాత్రీ పగలూ చాలవు. అంచులు ఓవర్‌లాక్ చేయించడానికి ప్రతిసారీ బట్టల మూట పట్టుకుని వేరే షాపుకి పరిగెత్తలేక, ఈ సీజనుకైనా సొంత మిషను ఉండాలని మీ షాపింగ్ యాప్‌లో 24,800 రూపాయలు ముందే కట్టి ఆర్డరు పెట్టాను. దసరాకి వారం ముందే ఇస్తామని ఆ పేజీలో రాసింది మీరే. ఆ మాట చూసే కొన్నాను. లేకపోతే విశాఖపట్నం వెళ్లి తెచ్చుకునేదాన్ని.

ఆ తేదీ వచ్చింది, పోయింది. ట్రాకింగ్‌లో మాత్రం ‘సెల్లర్ ప్యాకింగ్ చేస్తున్నారు’ అన్న ముక్క కదల్లేదు. ఇక లాభం లేదని క్యాన్సిల్ చేయబోతే ఆ బటన్ బూడిద రంగులోకి మారిపోయి ఉంది, ఎంత నొక్కినా పలకదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, “ప్రాసెస్‌లో ఉంది మేడమ్, ఇప్పుడు క్యాన్సిల్ అవదు, డెలివరీకి వచ్చినప్పుడు వద్దని చెప్పేయండి” అన్నారు. అయినా ఎందుకైనా మంచిదని రద్దు చేయమంటూ చాట్‌లోనూ ఈమెయిల్‌లోనూ రాసి పెట్టాను. సిరిమాను తిరిగి, చుట్టాలు కూడా వెళ్లిపోయాక ట్రాలీ ఆటోలో మిషను దిగింది. మీవాళ్లు చెప్పినట్టే వద్దన్నాను. “సరేనమ్మా, రిజెక్ట్ చేశారని పెడతాను” అని ఆ అబ్బాయి పెట్టె మళ్లీ ఆటో ఎక్కించుకుని వెళ్లాడు. పాపం, అతని తప్పేమీ లేదు. సాయంత్రానికి మీ మెసేజ్ వచ్చింది: క్యాన్సిలేషన్ చార్జీ 10 శాతం, అంటే 2,480 రూపాయలు, ఆపైన రానూపోనూ రవాణా ఖర్చు కోసుకుని మిగిలింది ఇస్తారట!

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు 2020లో వచ్చాయి. చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును వెనక్కి తీసుకోననడానికి, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వననడానికి సెల్లర్‌కి వీల్లేదని 6వ నిబంధన అంటోంది. చేతిలో లేని విపత్తు వల్ల ఆలస్యమైతేనే మినహాయింపు. మీ జవాబులో ‘అనివార్య కారణాలు’ అని రాశారు. ప్యాకింగే కాలేదని మీ ట్రాకింగే చెబుతుంటే, పెట్టెకి టేపు వేయకపోవడం ఏ విపత్తు కిందికి వస్తుందో మీరే చెప్పాలి.

సెల్లర్ వేరు, మేము వేదిక మాత్రమే అని చేతులు దులుపుకోవడానికీ లేదు. చార్జీ కోస్తామన్న మెసేజ్ వచ్చింది మీ పేరు మీద. క్యాన్సిలేషన్ చార్జీల గురించి చెప్పే 4వ నిబంధన మీకూ వర్తిస్తుంది. మీ అంతట మీరు ఆర్డరు రద్దు చేసినప్పుడు మీరూ అలాంటి చార్జీ భరిస్తేనే నా దగ్గర వసూలు చేయాలని అందులో ఉంది. పోయిన వేసవిలో మీ యాప్‌లోనే దారం కోన్లు ఆఫర్‌లో ఆర్డరు పెట్టాను. మర్నాడు ‘స్టాక్ లేదు, అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మీరే రద్దు చేసేశారు. అప్పుడు నాకు 10 శాతం ఎవరిచ్చారు? కట్టిన డబ్బు వెనక్కి వేసి ఊరుకున్నారు. మీకో న్యాయం, నాకో న్యాయమా?

ఇంకో సంగతి. ఆ 24,800లోనే 1,499 రూపాయలు ‘అదనపు వారంటీ’ అని ఉంది. నేను అడగలేదు. పేమెంట్ పేజీలో ఆ గడికి టిక్ మీరే పెట్టి ఉంచారు. అలా ముందే టిక్ పెట్టి సమ్మతి రాబట్టడం 4వ నిబంధనకే విరుద్ధం. కొనేవాళ్లకి తెలియకుండా బుట్టలో సరుకు చేర్చడాన్ని 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మభ్యపెట్టే ఎత్తుగడల) మార్గదర్శకాలు కూడా నిషేధించాయి. మిషనే తీసుకోనప్పుడు దాని వారంటీ దేనికో నాకైతే అర్థం కాలేదు.

‘ఇది వ్యాపారం కోసం కొన్న వస్తువు, మీరు వినియోగదారు కిందికి రారు’ అని మీ ప్రతినిధి ఒకరు చాట్‌లో అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వినియోగదారు అంటే ఎవరో చెప్పినచోట, దాని కిందున్న వివరణ కూడా చదవమనండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని వాడుకునేది వాణిజ్య అవసరం కాదని అక్కడ ఉంది. నా షాపులో పనివాళ్లు లేరు. కత్తిరించేదీ, కుట్టేదీ, బొత్తాలు వేసేదీ నేనే.

కాబట్టి చార్జీలేవీ కోయకుండా 24,800 రూపాయలూ నేను కట్టిన ఖాతాకే జమ చేయండి. ఈ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో నాకు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ గడువులు నేను పెట్టినవి కావు, ఆ నిబంధనల్లో ఉన్నవే. మీ జవాబు అధికారి పేరు, హోదాతో రావాలి. ‘మీ సమస్యను అర్థం చేసుకున్నాం’ అనే మెసేజ్‌లు ఇక పంపకండి, అవి నా దగ్గర బోలెడున్నాయి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఇప్పటికే ఫిర్యాదు నమోదు చేయించాను. వివాదాలన్నీ బెంగళూరులోనే తేల్చుకోవాలని మీ షరతుల్లో ఉందట. కానీ అదే 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. నెల దాటితే విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అసలు డబ్బుతోపాటు సీజనులో పోయిన పనికి పరిహారం, ఖర్చులు కలిపి అడుగుతాను.

బిల్లు, డెలివరీ తేదీ ఉన్న పేజీ, ట్రాకింగ్, చాట్, దారం కోన్ల ఆర్డరు రద్దు మెసేజ్ ఫోటోలు దీనితో జత చేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
మూడు లాంతర్లు, విజయనగరం