ఓడిన ఆట, ఎడమ చేయి

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు పిల్లల డైరీల్లో అంటించి పంపాం. కాబట్టి ఈ నెల ఉత్తరాన్ని మొత్తంగా ఒక ఓటమికే కేటాయిస్తున్నాను. జోనల్ పోటీల్లో మన అండర్-14 బాలికల బాస్కెట్‌బాల్ జట్టు మొదటి ఆటలోనే ఇంటిదారి పట్టింది. ఆ సాయంత్రం నుంచి నా ఫోను మోగుతూనే ఉంది. అడిగిన వారందరి ప్రశ్నా దాదాపు ఒకటే. జట్టులో అందరికంటే పొడుగైన పాపను రింగు దగ్గర నిలబెట్టకుండా, బంతి చేతికిచ్చి కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఎందుకు పరిగెత్తించారు? ఆ పాప నాలుగుసార్లు బంతి పోగొట్టుకుంది. నాలుగుసార్లూ అవతలి జట్టుకు పాయింట్లు వచ్చాయి. ఒక తండ్రిగారు కాస్త గట్టిగానే అడిగారు, "మేడమ్, మీ పీఈటీ మాస్టారికి అసలు ఆట తెలుసా?" అని.

తెలుసు. అలా ఆడించమని ఆయనకు చెప్పింది నేను. ఎందుకు చెప్పానో మీకు అర్థం కావాలంటే, మన బడిలో చదివి వెళ్లిన ఒక అమ్మాయి సంగతి చెప్పాలి.

ఆమె ఇప్పుడు నగరంలోనే ఒక కళాశాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కళాశాల జట్టులో ఆడుతోంది. కృష్ణా విశ్వవిద్యాలయం జట్టులో చోటు కోసం కష్టపడుతోంది. మొన్న ఒక పత్రిక జిల్లా పేజీలో ఆమె ఫోటో వచ్చినప్పుడు మీలో కొందరు నాకు పంపించారు, "మన బడి పిల్లే కదా" అని. ఈ ఉత్తరంలో ఆమె గురించి రాస్తానంటే పేరు వద్దంది. "తప్పులు మాత్రం అన్నీ రాయండి మేడమ్, పిల్లలకు పనికొస్తాయి" అంది. ఆ తప్పుల్లో సగం నావే అన్న సంగతి అప్పటికి ఆమెకు చెప్పలేదు.

2019లో ఆమె ఎనిమిదో తరగతి. అప్పటికే ఐదడుగుల ఆరంగుళాలు. ఆ ఏడాది గెలిచిన కప్పు నా గదిలో అద్దాల అల్మారాలో ఉంది. పక్కన ఉన్న ఫోటోలో సరిగ్గా మధ్యలో నిలుచుని నవ్వుతున్నది నేను. మా వ్యూహం చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేంత తేలిక. ఆమెను రింగు దగ్గర నిలబెట్టడం, తలల మీదుగా బంతి అందించడం. ఆమె చెయ్యెత్తితే మిగతా పిల్లలెవరికీ అందేది కాదు. డ్రిబుల్ చేయాల్సిన, అంటే బంతిని నేలకు కొట్టుకుంటూ ముందుకు తీసుకెళ్లాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. ఒకరోజు సరదాపడి బంతి కొట్టుకుంటూ సగం గీత దాటి వస్తుంటే, "నీకెందుకమ్మా అది, లోపలికి వెళ్లి నిలబడు" అని గట్టు మీద నుంచి కేక వేసింది కూడా నేనే. ఆ కేక నాకు బాగా గుర్తుంది.

ఆ తరువాత ఆమె పెరిగింది ఒక్క అంగుళం.

ఇందులో వింత ఏమీ లేదు. ఆడపిల్లలు సగటున 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలు 14 ఏళ్ల ప్రాంతంలో చాలా వేగంగా ఎత్తు పెరుగుతారు. కొందరికి ఆ వేగం ఒకటి రెండేళ్లు ముందే వస్తుంది, ముందే ఆగిపోతుంది. ఏడు, ఎనిమిది తరగతుల్లో అందరికంటే పొడుగ్గా కనిపించే పాప పెద్దయ్యాక కూడా అందరికంటే పొడుగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు కళాశాలల పోటీల్లో ఆమెను రింగు దగ్గర ఎదుర్కొంటున్న వారు ఆమెకంటే మూడు, నాలుగు అంగుళాలు ఎత్తున్న అమ్మాయిలు. 13 ఏళ్లకు ఆమెకున్న ఏకైక ఆయుధం 19 ఏళ్లకు చేతిలో లేదు. రెండో ఆయుధం మేం ఇవ్వలేదు.

దీనికి తోడు తొమ్మిదో తరగతి కరోనాలో పోయింది. ఇంటర్ రెండేళ్లూ ఆటస్థలం లేని భవనంలో, తెల్లవారుజామున మొదలై రాత్రి స్టడీ అవర్లతో ముగిసే రోజుల్లో పోయాయి. డిగ్రీలో చేరి మళ్లీ బంతి పట్టుకుందో లేదో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్‌లో వాళ్ల ఇల్లు రోజుల తరబడి నీళ్లలో ఉంది. కొత్తగా కొన్న ఆట బూట్లు బురదలో దొరికాయట, ఒక్కటే. ఆటోనగర్‌లో లేత్ పని చేసే తండ్రి, ఇంటి సామాన్లలో సగం ఇంకా సమకూర్చుకోకముందే మళ్లీ బూట్లు కొనిచ్చారు. ఆయనను ఎప్పుడైనా ఒక సభలో వేదిక మీద కూర్చోబెట్టాలని నా కోరిక. ఆయన రారు, అది వేరే సంగతి.

గత నెల ఆమె ఆడుతున్న ఒక ఆట చూడటానికి పీఈటీ మాస్టారూ నేనూ కలిసి వెళ్లాం. నేను లెక్కల టీచరుగా చాలాకాలం పనిచేసిన దాన్ని. అంకెలు కనిపిస్తేనే నాకు స్థిమితం. ఎవరు ఎన్ని పాయింట్లు వేశారో రాసుకుందామని నోటు పుస్తకం తీశాను. మాస్టారు వద్దన్నారు. "పాయింట్లు స్కోరు బల్ల దగ్గర ఎలాగూ రాస్తారు మేడమ్. బంతి చేతిలో లేనప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుందో చూడండి" అన్నారు. నలభై నిమిషాల ఆటలో ఏ ఒక్కరి చేతిలోనైనా బంతి ఉండేది కొద్ది నిమిషాలే. మిగిలిన సమయమంతా కాళ్లదీ, కళ్లదీ.

అలా చూస్తే ఆమెలో నేను ఇంతకుముందు గమనించని మంచి చాలా కనిపించింది. అవతలి జట్టు అమ్మాయి మూల నుంచి బంతి విసిరింది. అందరూ తలలెత్తి రింగు వైపు చూస్తున్నారు. ఈమె బంతిని చూడలేదు. తన పక్కనున్న పొడుగు అమ్మాయికి ముందుగా వెళ్లి, వీపు ఆనించి, మోకాళ్లు వంచి చోటు పట్టుకుంది. ఆ తరువాతే తలెత్తింది. ఒక మూల నుంచి వేసిన బంతి తప్పితే ఎక్కువసార్లు అవతలి వైపే పడుతుందని ఆమెకు తెలుసు. దూరం నుంచి వేసినది రింగుకు దూరంగా ఎగిరి పడుతుందనీ తెలుసు. అందుకే తనకంటే ఎత్తయిన వారి మధ్య కూడా రీబౌండ్లు, అంటే బుట్టలో పడకుండా ఎగిరి వచ్చే బంతులు, ఆమెకే ఎక్కువ దొరికాయి. బంతి అందుకోవడంలో చేతులు మెత్తగా ఉన్నాయి, చప్పుడు రాదు. ఒక కాలు నేలకు ఆనించి ఉంచి, రెండో కాలితో తిరిగి, ఎదుటివారిని ఒకవైపు నమ్మించి మరోవైపు వెళ్లే పివట్ అయితే చూడముచ్చటగా ఉంది. ఇది మా చలవే అని నేను గర్వపడబోతుంటే, "అదొక్కటే నేర్పాం కదా మేడమ్" అన్నారు మాస్టారు.

ఇంకొకటి. ఆమె ఆటంతా మాట్లాడుతూనే ఉంటుంది. "ఎడమ వైపు వస్తోంది", "నేను చూసుకుంటాను, నువ్వు వెళ్లు" అని వెనక నుంచి తోటివారికి చెబుతూనే ఉంటుంది. డిఫెన్స్‌లో నోరు మెదపని జట్టు సగం ఓడినట్టే. తరగతిలో ఎక్కువ మాట్లాడుతోందని అప్పట్లో ఆమె ప్రోగ్రెస్ కార్డు మీద రాసిన టీచరు ఎవరో వెతకదలచుకోలేదు. నా చేతిరాతే అయ్యుంటుందని అనుమానం.

ఇక లోపాలు. నాలుగో క్వార్టరులో అవతలి జట్టు కోర్టంతా పరుచుకుని ఒత్తిడి పెట్టింది. బంతి చేతికి వచ్చాక 8 సెకన్లలో దాన్ని సగం గీత దాటించాలి, లేకపోతే అవతలివారికి ఇచ్చేయాలి. బంతిని ముందుకు తెచ్చే గార్డు అమ్మాయిని ఇద్దరు చుట్టుముట్టారు. ఆమె మన అమ్మాయికి పాస్ ఇచ్చింది. ఎదురుగా అంతా ఖాళీ. నాలుగు అడుగులు డ్రిబుల్ చేస్తే చాలు. మన అమ్మాయి తల వంచి బంతినే చూస్తూ కుడి చేత్తో కొట్టుకుంటూ బయలుదేరింది. అవతలి అమ్మాయి తెలివైనది, కుడి వైపు అడ్డంగా నిలబడింది. ఎడమ వైపు దారి విశాలంగా ఉంది. ఆ దారిన వెళ్లడానికి ఎడమ చేతికి అలవాటు లేదు. బంతి పోయింది. రెండు నిమిషాల తరువాత మళ్లీ అలాగే పోయింది. కోచ్ ఆమెను పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆట ముగిసేదాకా ఆమె అక్కడే ఉంది.

13 ఏళ్లకు పోగొట్టుకోవాల్సిన బంతులను ఆ అమ్మాయి 19 ఏళ్లకు పోగొట్టుకుంటోంది. మీరు ఫోన్లో అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే.

మిగతా లోపాలు త్వరగా చెబుతాను. రింగుకు ఎదురుగా నిలబడి బంతి వేయడం ఆమెకు కొత్త. రెండు మీటర్లు దాటితే చేయి తడబడుతుంది. ఎదుటివారు ఫౌల్ చేసినప్పుడు ఒంటరిగా నిలబడి బంతి వేసే ఫ్రీ త్రో గీత బోర్డుకు 4.6 మీటర్ల దూరంలో ఉంటుంది. ఎవరూ అడ్డురారు, గీత ఎక్కడికీ జరగదు, అయినా ఆమె వేసినవాటిలో సగానికి పైగా తప్పాయి. చురుకైన గార్డు ఎదురైతే పక్కకు జరగాల్సిన కాళ్లు పెనవేసుకుంటున్నాయి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయి. నన్ను భయపెట్టింది ఈ చివరిదే. గెంతడం, గిరుక్కున తిరగడం ఉన్న ఆటల్లో మోకాలి ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లలకంటే ఆడపిల్లలకు చాలా ఎక్కువ. సరిగ్గా దిగడం, తొడల వెనక కండరాలకు బలం ఇవ్వడం వారానికి రెండు మూడుసార్లు పావుగంట చొప్పున చేయిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆమెకు ఆ పావుగంట మేం ఎప్పుడూ చేయించలేదు. గ్రౌండు చుట్టూ రెండు చుట్లు పరిగెత్తించి, అదే వార్మప్ అనుకునేవాళ్లం.

అమెరికాలో ఇందుకు సరిగ్గా తిరగేసిన కథ ఒకటి ఉంది. షికాగోకు చెందిన ఆంథొనీ డేవిస్ హైస్కూలులో మొదట మామూలు ఎత్తున్న గార్డు. బంతి కొట్టుకుంటూ రావడం, పాస్‌లు ఇవ్వడం అతని పని. తరువాత రెండేళ్లలోపే ఎనిమిది అంగుళాల దాకా పెరిగి ఆరడుగుల పది అంగుళాల వాడయ్యాడు. ఎత్తు వచ్చింది, చేతులు గార్డు చేతులుగానే ఉండిపోయాయి. 2012లో కెంటకీ విశ్వవిద్యాలయం అక్కడి కళాశాలల జాతీయ టైటిల్ గెలిచిన ఆటలో అతను బుట్టకు పదిసార్లు ప్రయత్నించి ఒక్కసారే వేయగలిగాడు. ఫ్రీ త్రోలు కలుపుకుని మొత్తం 6 పాయింట్లు. అయినా ఆ పోటీల అత్యుత్తమ క్రీడాకారుడిగా ఎంపికయ్యాడు. ఎందుకంటే ఆ ఒక్క ఆటలోనే 16 రీబౌండ్లు పట్టాడు, ఎదుటివారి షాట్లు 6 అడ్డుకున్నాడు, తోటివారు 5 బుట్టలు వేసేలా పాస్‌లు అందించాడు. "మా వాడు ఎన్ని పాయింట్లు వేశాడు?" అని గేటు దగ్గర అడిగే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నాకు ఆ 6 గుర్తుకొస్తుంది.

మన అమ్మాయి ఇప్పుడు ఏం చేయాలి? రింగు కింది చోటు వదిలి, కాస్త దూరం నుంచి కూడా ఆడే ఫార్వర్డ్‌గా మారాలని కళాశాల కోచ్, మన మాస్టారు ఇద్దరూ అంటున్నారు. ఆమె ఎత్తుకు అదే సరైన స్థానం. 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత గురించి ఇప్పుడే ఆలోచించవద్దని, ముందు ఫ్రీ త్రో దూరం నుంచి చేయి కుదరాలని మాస్టారి పట్టు. బంతి వేసేటప్పుడు బయటికి పోతున్న మోచేతిని లోపలికి తెప్పిస్తున్నారు. తెప్పించిన మొదటి రెండు వారాలూ ఆమె గురి ఇంకా దిగజారింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. దూరం నుంచి బంతి వేయడంలో పేరుపొందిన అమెరికా ఆటగాడు స్టీఫెన్ కరీ అంతటి వాడు కూడా హైస్కూలులో ఉండగా, నడుము దగ్గర నుంచి వేసే బంతిని తలపై నుంచి వేయడం నేర్చుకున్న వేసవిలో సరిగ్గా వేయలేక ఏడ్చాడని చెప్పి ఊరడించాం. ఊరట కలిగిందో లేదో తెలియదు కానీ, మర్నాడు ఆరింటికి వచ్చింది.

విశ్వవిద్యాలయం జట్టులో చోటు వస్తుందా అంటే, ఈ ఏడాది కష్టమేనని నా అంచనా. వచ్చే ఏడాదికి ఆ ఎడమ చేయి కుదిరితే అవకాశం ఉంది. ఇదే మాట ఆమెకూ చెప్పాను. మొహమాటానికి "నీకేం, తప్పకుండా వస్తుంది" అని చెప్పి పంపితే, ఆమె ఏది సాధన చేయాలో తెలియకుండా పోతుంది.

మన బడిలో ఏం మారుతుందో ఇప్పుడు చెబుతాను. ఎనిమిదో తరగతి వరకు ఎవరికీ స్థిరమైన స్థానం ఉండదు. పొడుగు పిల్లలూ పొట్టి పిల్లలూ అందరూ బంతి తీసుకురావాలి, అందరూ రింగు దగ్గర ఆడాలి. ఆరో తరగతి లోపు పిల్లలకు చిన్నదైన 5వ నంబరు బంతి ఇచ్చి, 2.60 మీటర్ల ఎత్తున రెండు రింగులు వేయించాం. 1891లో ఈ ఆట కనిపెట్టిన నైస్మిత్ మాస్టారు వ్యాయామశాల గ్యాలరీకి పీచ్ పండ్ల బుట్ట తగిలించినప్పుడు ఆ గ్యాలరీ పదడుగుల ఎత్తున ఉంది కాబట్టి పెద్దల రింగుకు అదే లెక్క నిలిచిపోయింది. పదేళ్ల పాప భుజం నొప్పి పుట్టేలా ఆ ఎత్తుకే విసరాలన్న నియమం ఏమీ లేదు. ప్రతి సాధనకూ ముందు పావుగంట దిగడం, బలం వ్యాయామాలు తప్పనిసరి. ఏడాదికి రెండుసార్లు ఒక్కో బిడ్డ గురించి మాస్టారు రాసిన పేజీ మీకు అందుతుంది. అందులో మార్కులు, ర్యాంకులు ఉండవు. ఏం వచ్చు, ఏం రాదు, ఇంట్లో ఏం చేయించవచ్చు, అంతే.

దీనివల్ల వచ్చే రెండేళ్లు జోనల్స్‌లో ఓడిపోవచ్చు. అందుకు ఫోను మాస్టారికి కాకుండా నాకే చేయండి. ఆటలో ఉన్న పిల్లలకు గట్టు మీద నుంచి సలహాలు మాత్రం ఇవ్వకండి. నేను మానేశాను, మీరూ మానగలరు.

ఆ అమ్మాయి ప్రతి శనివారం ఉదయం ఆరున్నరకు మన గ్రౌండుకు వస్తోంది, పిల్లలకు రీబౌండ్ నేర్పడానికి. బదులుగా ఆరో తరగతి పిల్లలతో కలిసి ఎడమ చేతి లే-అప్ (రింగు దగ్గరికి వచ్చి ఎగిరి వేసే బంతి) వరుసలో నిలబడుతోంది. మొన్న శనివారం ఆమె వేసిన బంతి బోర్డుకు కూడా తగలకుండా కింద పడింది. వరుసలో వెనకనున్న పాప, దాని ఎత్తు ఈమె మోచేతి దాకా, ముందుకు వంగి చెప్పింది: "అక్కా, ఎడమ చేత్తో వేసేటప్పుడు కుడి కాలి మీద ఎగరాలి."

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ