పేరు రాయవద్దన్న ఆ పెద్దావిడకు కృతజ్ఞతలు

క్యోటోలో చదువుకుంటున్న మా విద్యార్థుల సంస్కృతి సంఘం గత శనివారం జపాన్ వంటల అభ్యాసం ఏర్పాటు చేసినప్పుడు, అడిగిన వెంటనే వచ్చి, తన పేరు ఎక్కడా రాయవద్దని కోరి వెళ్లిన పెద్దావిడకు మా హృదయపూర్వక కృతజ్ఞతలు.

మేము గంజి వార్చిన అన్నంతో ఒనిగిరి అనే జపాన్ అన్నపు ముద్దలు కట్టబోయి, అవి చేతిలోనే విడిపోతుంటే దిక్కుతోచక నిలబడినప్పుడు, ఆమె మందలించకుండా పొట్టి గింజ బియ్యాన్ని నీళ్లు తేటపడేవరకు కడిగించి, అరగంట నానబెట్టించి, కొలతకు సుమారు 1.2 వంతుల నీరు పోయించి, మూత తీయనివ్వకుండా వండించారు. తడి చేతులకు ఉప్పు రాసుకుని, వేడి అన్నాన్ని గట్టిగా పిసకకుండా మూడు మూలలు వచ్చేలా తిప్పడం మా చేతులు పట్టి నేర్పించారు. (ముద్ద కట్టడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకున్న గర్వం అక్కడే కరిగిపోయింది.)

మాలో శాకాహారులున్నారని తెలిసి, ఎండు చేప తురుముకు బదులు ఎండు షీటాకే పుట్టగొడుగులతో, కొంబు అనే సముద్రపు నాచుతో దాషి అనే, జపాన్ వంటలకు మూలమైన రసం తీయించడం మేము అడగకుండానే ఆమె చేసిన మేలు. 1908లో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త ఉమామి అనే కమ్మని రుచికి మూలాన్ని కనుగొన్నది కొంబులోనే అని చెబుతూ, నీరు మరగకముందే దానిని తీసివేయించారు. పులియబెట్టిన సోయా ముద్ద అయిన మీసోను పొయ్యి ఆర్పిన తరువాతే ఆ రసంలో కలపనిచ్చారు.

చివరికి గిన్నెలు కూడా మాతోపాటు తోమిన ఆమెకు సభ్యులందరి నమస్కారాలు. మిగిలిన కొంబును ఆమె చెప్పినట్లే సోయా సాస్‌లో, పంచదారతో ఉడికించి త్సుకుదాని అనే, అన్నంలో నంజుకునే వంటకంగా దాచుకున్నాము.