ఆ పాతిక శాతం సంగతి

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల డైరెక్టర్ గారికి,

నమస్కారం. మా అమ్మాయికి వేయించిన హెపటైటిస్-బి టీకాను చింపాంజీల మీద పరీక్షించాకే మనుషుల దాకా తెచ్చారు. ఆ రుణం ఉండబట్టే ఈ ఉత్తరం.

పరీక్షలకు వాడి వదిలేసిన చింపాంజీలను సాకే ఆశ్రయం, లూసియానాలోని చింప్ హేవెన్‌కు సందర్శకుల రోజున వెళ్లాం. ఒక ముసలి చింపాంజీ దుప్పటి లాక్కుని, చుట్టూ మడిచి, గూడులా సర్దుకుని కూర్చుంది. పచ్చికలో మాత్రం కాలు పెట్టలేదు. ఏళ్ల తరబడి బోనులో బతికినదానికి గడ్డి కొత్త కాదూ!

2000 నాటి చట్టం ప్రకారం వీటి పోషణలో 75 శాతమే ప్రభుత్వానిది. మిగతాది విరాళాలతో నెట్టుకురావాలి. పరీక్షలకు వాడుకున్నప్పుడు చందాలు ఎత్తలేదే? వయసు మీద పడేకొద్దీ మందుల ఖర్చు పెరిగేదే. ఆ పాతిక శాతం కూడా ప్రభుత్వమే భరించేలా చట్టం మార్చమని కాంగ్రెస్‌ను మీరే అడగండి.

ఇట్లు,
హ్యూస్టన్‌లో ఉంటున్న ఒక తెలుగు తండ్రి