కంప్యూటర్ సైన్స్ ప్రసంగాలు: ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. కంప్యూటర్ సైన్స్ మీద మనం ఏటా పెట్టే పబ్లిక్ ప్రసంగాలు ఈ ఏడాది కూడా పూర్తయ్యాయి, కమిటీ తరఫున ఆ వివరాలు రాస్తున్నాను. పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు గట్టిగా అడిగింది ఒకటే, కోడింగ్ రానివాళ్లకి కూడా అర్థమవ్వాలి, తెలుగులోనే ఉండాలి అని. అందుకే ఈసారి స్పీకర్లకి ముందే చెప్పేశాం, స్లైడ్లు తగ్గించండి, జనం చేత ఏదో ఒకటి చేయించండి, సగం టైమ్ ప్రశ్నలకి వదిలేయండి అని.

మొదటిది వెతకడం గురించి. స్పీకర్ ఒకాయన్ని లేపి 1 నుంచి 1000 లోపు ఏదైనా సంఖ్య మనసులో అనుకోమన్నారు, మిగతా హాలంతా 500 కంటే పెద్దదా, 750 కంటే పెద్దదా అంటూ సగానికి సగం తగ్గించుకుంటూ వెళ్లి పది ప్రశ్నల్లో పట్టేశారు. 10 లక్షల దాకా అయితే ఎన్ని ప్రశ్నలు కావాలి అంటే కొందరు వేలల్లో చెప్పారు, 20 చాలు అంటే ఎవరూ నమ్మలేదు, బోర్డు మీద లెక్కేసి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. అప్పుడు వెనక నుంచి ఒక స్కూలు పిల్ల లేచి, మరి వెతికే లిస్ట్ వరుసలో లేకపోతే ఇలా సగం సగం కొట్టేయడం ఎలా అండీ అని అడిగింది. నా దృష్టిలో ఆ రోజు అదే అసలు ప్రశ్న, సార్టింగ్ మీద, అంటే లిస్ట్‌ని వరుసలో పెట్టడం మీద, ఇన్ని దశాబ్దాలు ఇంత పని ఎందుకు జరిగిందో అందులోనే ఉంది, స్పీకర్ కూడా మిగతా టైమంతా దానికే ఇచ్చేశారు.

ఈ ఏడాది అన్నిటికంటే బాగా పండింది మాత్రం క్యూఆర్ కోడ్ ప్రసంగం. పెద్ద కోడ్ ఒకటి గోడకి అంటించి మార్కర్‌తో మధ్యలో నలుపు పూశారు, ఫోన్ పెడితే స్కాన్ అయింది, ఇంకొంచెం పూశారు, అయినా అయింది. తర్వాత శుభ్రంగా ఉన్న ఇంకో కోడ్ తీసుకుని మూలన ఉండే పెద్ద చదరం ఒక్కటి కప్పేశారు, అంతే, ఫోన్ దాన్ని గుర్తే పట్టలేదు. ఆ మూడు మూలల చదరాలే కోడ్ ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అని ఫోన్‌కి చెప్తాయట, లోపలి డేటా పోతే మాత్రం తిరిగి రాబట్టుకోవచ్చు, కోడ్ తయారుచేసేటప్పుడు ఎంచుకునే రక్షణ లెవెల్స్‌లో అన్నిటికంటే గట్టిదైతే దాదాపు 30 శాతం వరకు. క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ వాళ్ల దగ్గర మసహిరో హారా టీమ్ తయారుచేసింది, కానీ వెనకున్న గణితం 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు రాసింది, అప్పటికి సీడీలు కూడా లేవు. గీతలు పడ్డ సీడీ పాట పాడేదన్నా ఆ లెక్క వల్లే.

క్రిప్టోగ్రఫీ, అంటే సమాచారాన్ని రహస్యంగా ఉంచే విద్య, దాని రోజు 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చిన ఆలోచన చెప్పారు, ఎప్పుడూ కలవని ఇద్దరు అందరూ వింటుండగానే ఒక రహస్యం కుదుర్చుకోవచ్చని. ఇంత గట్టి లెక్క ఉండగా ఓటీపీ చెప్పొద్దని అంతలా మొత్తుకుంటారెందుకు అని ఒక పెద్దాయన అడిగారు. దారిలో దొంగిలించకుండా లెక్క కాపాడుతుంది గానీ మనంతట మనమే చెప్పేస్తే అదేం చేస్తుంది అన్నారు స్పీకర్.

ఏఐ ప్రసంగానికి కుర్చీలు చాలలేదు. మన తెలుగు కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారికి, ఇంకో ఏఐ శాస్త్రవేత్త ఫైగెన్‌బామ్‌తో కలిపి, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చిందని చెప్పినప్పుడు హాలంతా చప్పట్లు. కాకపోతే ఉద్యోగాలు పోతాయా అన్న చర్చకే టైమంతా అయిపోయి, ఇప్పటి ఏఐ చాట్‌బాట్‌ల వెనకున్న, 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పే భాగం గబగబా ముగిసింది. వచ్చే ఏడాది దీన్ని రెండు రోజులు చేయాలని నా అభిప్రాయం.

ఇక వచ్చే ఏడాదికి, ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందా లేదా అని తేల్చే ప్రోగ్రామ్ రాయడం ఎందుకు కుదరదో గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1936లోనే చూపించారు కదా, దాన్ని తెలుగులో నిదానంగా చెప్పగలిగేవాళ్లు కావాలి, మీకు తెలిస్తే కమిటీకి చెప్పండి. రికార్డింగ్‌లకి సబ్‌టైటిల్స్ రాయడానికి కూడా మనుషులు కావాలి, చెవులు సరిగ్గా వినపడని సభ్యులు ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి ముందు ఆ పనే మొదలుపెడదాం. జమాఖర్చులు ఆడిట్ అవ్వగానే విడిగా పంపిస్తాం.